వెబ్ సెషన్‌కు బ్రౌజర్ సమాచారం పంపడం

వెబ్ పేజీలో వినియోగదారు చేసే ఎంపికలను సర్వర్‌లో అతని పేరిట ఉండే తాత్కాలిక నిల్వకు, అంటే సెషన్‌కు, చేర్చే పద్ధతి. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే నియమావళి అయిన హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ప్రతి అభ్యర్థనా దానికి కొత్తదే. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లీ కుకీని, అంటే బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచారపు తునకను, రూపొందించాడు. సాధారణంగా కుకీలో ఉండేది సెషన్ గుర్తింపు సంఖ్య మాత్రమే. అసలు సమాచారం సర్వర్ దగ్గరే ఉంటుంది.

తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎన్నో స్థిరపడిన టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, టొయోటా స్టేడియంలో ఫుట్‌బాల్ ఆటకు ఒకరు ఆన్‌లైన్‌లో సీటు ఎంచుకుంటున్నారనుకుందాం. ఆ నొక్కును జావాస్క్రిప్ట్ పట్టుకోగలదు గానీ సర్వర్ సెషన్‌లో నేరుగా రాయలేదు. కొత్త ప్రోగ్రామర్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. జావాస్క్రిప్ట్ పోస్ట్ అభ్యర్థన పంపాలి. బ్రౌజర్ దానికి కుకీని జతచేస్తుంది. సర్వర్‌లోని జావా లేదా పీహెచ్‌పీ ప్రోగ్రామ్ ఆ సంఖ్యతో సెషన్‌ను వెతికి సీటును నమోదు చేస్తుంది. పేజీని మళ్లీ తెరవకుండానే జరిగే ఈ పనికి అజాక్స్ అనే పేరు 2005లో వచ్చింది.

సీటుతో పాటు బ్రౌజర్ దాని ధరను కూడా పంపితే, ఆ ధరను మాత్రం సర్వర్ నమ్మకూడదు. దాన్ని ఎవరైనా మార్చి పంపవచ్చు.