స్ట్రాబెర్రీ పుట్టుపూర్వోత్తరాలు

ఈనాడు ప్రపంచమంతటా సాగవుతున్న పెద్దకాయ స్ట్రాబెర్రీ ఏ అడవిలోనూ సహజంగా పుట్టినది కాదు. అమెరికా ఖండాలకు చెందిన రెండు జాతులు 18వ శతాబ్దంలో యూరప్ తోటల్లో కలిసినందువల్ల ఏర్పడిన సంకరం. అంతకుముందు యూరప్ వాసులు ఎరిగినది ప్రధానంగా అతి చిన్న పండ్లు కాసే అడవి స్ట్రాబెర్రీ. దాని కణంలో వారసత్వ లక్షణాలను మోసే క్రోమోజోములు 14 మాత్రమే. 17వ శతాబ్దంలో ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతం నుంచి సువాసనగల వర్జీనియా జాతి అక్కడికి చేరింది గాని, దాని పండు కూడా చిన్నదే.

పెద్ద పండు చిలీ నుంచి వచ్చింది. అక్కడి మపూచే రైతులు, స్పెయిన్ వారి రాకకు ఎంతో ముందే, తీరప్రాంతపు అడవి జాతి నుంచి పెద్దకాయ మొక్కలను ఏరి, నేలపై పాకే పిలక తీగలతో వాటిని వృద్ధి చేస్తూ వచ్చారు. తరాల తరబడి సాగిన ఆ ఎంపికే స్ట్రాబెర్రీ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప కృషి అయినా, ఖ్యాతి మాత్రం ఎక్కువగా యూరప్ వారికే దక్కింది. చిలీ, పెరూ తీరాలలోని స్పానిష్ కోటలను పరిశీలించడానికి 1712లో బయలుదేరిన ఫ్రెంచి సైనిక ఇంజనీరు అమెడే ఫ్రాన్స్వా ఫ్రెజియే, కాన్సెప్సియోన్ పొలాలలో ఈ పంటను చూసి, నెలల తరబడి సాగిన ఓడ ప్రయాణంలో మంచినీటి కొరతను తట్టుకుని, ఐదు మొక్కలను బతికించి 1714లో ఫ్రాన్స్ చేర్చాడు. అవి ఏపుగా పెరిగాయి గాని కాపు పట్టలేదు. చిలీ జాతిలో ఆడ పూలు, మగ పూలు సాధారణంగా వేర్వేరు మొక్కలకు పూస్తాయి, ఫ్రెజియే తెచ్చినవన్నీ ఆడ మొక్కలే కావడంతో వాటికి పుప్పొడి అందలేదు. తరువాత బ్రిటనీ ప్రాంతపు రైతులు వాటి పక్కన వర్జీనియా మొక్కలను నాటి ఈ లోటును తీర్చుకున్నారు. రెండు జాతులకూ 56 క్రోమోజోములే ఉండడంతో సంకరం సులువైంది. ఇరవై ఏళ్లు నిండకముందే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆంట్వాన్ నికొలా దుషేన్ 1766 నాటి తన గ్రంథంలో కొత్త మొక్క తల్లిదండ్రులను సరిగా గుర్తించడం నిజంగా అబ్బురపరిచే విషయం.

ఇంత కొద్ది మొక్కలతో మొదలైన పంటకు జన్యు పునాది ఇరుకుగానే ఉంది. ఉత్తర అమెరికాకు చెందిన 134 రకాల వంశక్రమాన్ని 1987లో పరిశీలించినప్పుడు, అవన్నీ 53 ఆది మొక్కల సంతతేనని తేలింది. పిలక తీగ నుంచి వచ్చే మొక్క తల్లిమొక్కకు నకలే కనుక, కొత్త గుణం కావలసిన ప్రజననకారులు అడవి జాతులను ఆశ్రయించక తప్పలేదు. 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ యూటాలోని వాసాచ్ పర్వతాల నుంచి పగటి నిడివితో నిమిత్తం లేకుండా పూసే అడవి వర్జీనియా మొక్కలను సేకరించాడు. వాటిని సాగు రకాలతో పలు తరాలు సంకరపరచిన ఫలితంగానే, నెలల తరబడి ఆగకుండా కాసే రకాలు రైతుల చేతికి వచ్చాయి.