మంచు కోసం పుట్టిన బండి, ఐబ్‌లు రాసిన కాగితం



షికాగోలో మా మస్జిద్ పార్కింగ్‌లో నా బండిని చూసినవాళ్లు ఎక్కువగా ఒకటే సవాల్ అడుగుతారు. "భాయ్, స్టీరింగ్ కుడివైపు ఉంది, ఇండియా నుంచి తెచ్చుకున్నావా?" అని. ఈ బండిని ఇండియాలో ఏనాడూ అమ్మలేదు. 1997లో జపాన్‌లో తయారైన సుబారు లెగసీ టూరింగ్ వాగన్, జీటీ-బి మోడల్. రెండు టర్బోలు, నాలుగు చక్రాలకీ పవర్, వెనక రెండు బిర్యానీ దేగ్చాలు పక్కపక్కన పట్టేంత జాగా. 2022లో తెప్పించుకున్నాను. దీని తారీఖ్ చెప్పమని చాలామంది అడిగారు. కొంచెం పొడుగు కిస్సా, సబర్‌గా చదవండి.

ఇది మొదలైంది షౌకీన్ల దగ్గర కాదు, కరెంటు వాళ్ల దగ్గర. జపాన్ ఈశాన్యాన తోహోకు ప్రాంతంలో చలికాలమంతా విపరీతమైన మంచు. అక్కడి తోహోకు ఎలక్ట్రిక్ పవర్ కంపెనీ సిబ్బంది కొండల్లో తెగిన లైన్లు బాగుచేయడానికి జీపుల్లాంటి బండ్లలో తిరిగేవాళ్లు. మంచులో అవి నడుస్తాయి గానీ లోపల కూర్చున్నవాడు చలికి కొయ్యబారిపోతాడు. జీపులా మంచులో పోవాలి, కారులా వెచ్చగా ఉండాలి, అలాంటిది చేసివ్వండి అని వాళ్లు 1970 ప్రాంతంలో మియాగీలోని సుబారు డీలర్‌ని అడిగారు. డీలర్ మెకానిక్‌లు ముందు చక్రాలతో నడిచే ఒక చిన్న సుబారు వ్యాన్ తీసుకుని, వెనక్కి షాఫ్టు లాగి, నిస్సాన్ బ్లూబర్డ్ కారు వెనక డిఫరెన్షియల్ బిగించారు. అంటే పోటీ కంపెనీ సామాను! కంపెనీ ఇంజనీర్లు ఆ పనిని తమ చేతుల్లోకి తీసుకుని 1971 టోక్యో మోటార్ షోలో చూపించారు. 1972 సెప్టెంబరులో లియోనే ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్టేట్ వ్యాన్ బజారులోకి వచ్చింది. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే మిలిటరీ వాళ్లదీ, అడవుల్లో తిరిగేవాళ్లదీ అనుకునే జమానాలో అది మామూలు ఇంటి కారులోకి దిగింది.

మన దగ్గర వాగన్ అనే ఆకారానికే ఇజ్జత్ దక్కలేదు. టాటా ఎస్టేట్ 1992లో వచ్చింది, తర్వాత మారుతీ బలెనో ఆల్టూరా వచ్చింది, రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. డిక్కీ విడిగా బయటికి పొడుచుకొస్తేనే మనకు కారు. వెనక కప్పు నిండుగా ఉంటే మయ్యత్ బండిలా ఉందనేవాళ్లు. జపాన్‌లోనూ మొదట్లో ఇంతే, వాగన్ అంటే దుకాణం సామాను మోసేది.

ఆ ఖయాల్ మార్చింది లెగసీ. 1989 జనవరిలో సుబారు ఈ కొత్త కారు టర్బో సెడాన్లను అమెరికాలోని అరిజోనా టెస్ట్ ట్రాక్ మీద పద్దెనిమిదిన్నర రోజులు రాత్రీపగలూ తిప్పింది. లక్ష కిలోమీటర్లు, సగటున గంటకు 223.345 కిలోమీటర్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. అదే ఏడాది అదే టర్బో ఇంజన్‌ని వాగన్‌లో పెట్టి జీటీ అని పేరు పెట్టారు. జపాన్ చేతిలో డబ్బు పొంగుతున్న రోజులవి. వారాంతంలో స్కీయింగ్‌కి పోయే కుటుంబాలు ఎగబడ్డాయి. సామాను బండి ఒక్కసారిగా నవాబీ సవారీ అయిపోయింది. తర్వాత నిస్సాన్ స్టేజియా, మిత్సుబిషి లెగ్నమ్ ఈ దారిలోనే వచ్చాయి.

ఇంకో ముచ్చట. 1988లో జపాన్ రోడ్ల మీద చనిపోయినవాళ్లు పదివేలు దాటారు. ప్రభుత్వం కన్నెర్ర చేస్తుందని కార్ల కంపెనీలు తమలో తాము ఒక ముఆహిదా చేసుకున్నాయి, ఏ కారూ 280 హార్స్‌పవర్ దాటకూడదని. అది 2004 దాకా నడిచింది. 1996 జూన్‌లో వచ్చిన జీటీ-బి మాన్యువల్ గేర్ బండి సరిగ్గా ఆ 280 దగ్గర ఆగింది, అదీ రెండు లీటర్ల ఇంజన్‌తో! బి అంటే బిల్‌స్టీన్, జర్మనీ షాక్ అబ్సార్బర్ల పేరు. రెండు టర్బోలు ఒకేసారి పనిచేయవు. మెల్లగా పోతున్నప్పుడు ఒకటే ఊదుతుంది, ఇంజన్ వేగం పెరిగాక రెండోది కలుస్తుంది. కలిసే చోట క్షణంసేపు బండి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. దీన్ని తిట్టేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ తటపటాయింపు ఇష్టం. ఆ పైపులన్నీ ఇరికించాక ఎడమ స్టీరింగ్‌కి చోటు మిగల్లేదు. అందుకే అమెరికా షోరూముల్లో ఈ బండి కనిపించలేదు.

ఇంత ముద్దుగా చేసుకున్న బండిని జపాన్ ఎందుకు వదులుకుంటుంది? అక్కడ 'షాకెన్' అని తప్పనిసరి తనిఖీ ఉంది. కొత్త కారుకి మూడేళ్లకు మొదటిది, తర్వాత రెండేళ్లకోసారి. ఫీజూ, పన్నూ, మరమ్మతులూ కలిపి పాత బండి మెడకు గుదిబండ అవుతుంది. నడిచే కార్లే వేలానికి పోతాయి.

ఇక్కడి నుంచి మనవాళ్ల ఖిస్సా మొదలవుతుంది. మనవాళ్లంటే ముసల్మానులు. 1980ల్లో పాకిస్తాన్ యువకులు వీసా అవసరం లేకుండా జపాన్ వెళ్లి ఫ్యాక్టరీల్లో చేరారు. 1989లో ఆ సౌకర్యం ఆగిపోయింది. ఉండిపోయినవాళ్లలో చాలామంది పాత కార్ల తిజారత్‌లోకి దిగారు. దానికి పెద్ద ఆఫీసు అక్కర్లేదు. నాలుగు దేశాల్లో నమ్మే చుట్టాలుంటే చాలు. జపాన్ సముద్రం ఒడ్డున తొయామాలో వాళ్ల దుకాణాలు బారులు తీరాయి. ఎదురుగా రష్యా, అక్కడి ఓడలు కార్లు నింపుకుని పోయేవి. ఖాళీ పడిన ఒక దుకాణాన్ని మస్జిద్ చేసుకుని జుమా మొదలుపెట్టారు. 2001 మే నెలలో అక్కడే, ఒక పాకిస్తానీ కార్ల దుకాణం దగ్గర ఖుర్ఆన్ షరీఫ్‌ని చించి పారేశారు. ఆ గుండెకోతతో ముసల్మానులు టోక్యో వీధుల్లో నిరసన తెలిపారు. దుకాణాలు మాత్రం మూయలేదు. 2009లో రష్యా సుంకం పెంచేసరికి వ్యాపారం కుదేలైంది. అప్పుడూ వేరే దేశాలు వెతుక్కున్నారు. జపాన్ ఆటో చరిత్ర పుస్తకాల్లో ఇంజనీర్ల పేర్లుంటాయి. ఈ బండ్లను దునియా అంతా తిప్పిన ఈ మనుషుల గురించి రాసేవాళ్లు తక్కువ. నాకిది బేఇన్సాఫీ అనిపిస్తుంది.

అమెరికా తలుపు మాత్రం అంత తేలిగ్గా తెరుచుకోదు. 1980ల్లో యూరప్ నుంచి వేలకొద్దీ కార్లు అధికారిక డీలర్లను తప్పించుకుని ఇక్కడికి వచ్చేవి. 1988లో చట్టం చేసి ఆ దారి బిగించారు. తయారై 25 ఏళ్లు నిండిన బండికి మాత్రం మినహాయింపు ఉంది, లెక్క తయారైన నెల నుంచి. 1997 బండి కోసం 2022 దాకా ఆగాల్సిందే.

మా బేగమ్ అడగవలసింది అడిగింది. "సునో జీ, ఇది జరూరతా, షౌకా? పిల్లల చదువులున్నాయి. పాతికేళ్ల లోహం మీద పెట్టేది ఇస్రాఫ్ కాదా?" రెండూ అన్నాను. అబద్ధం ఎందుకు? షికాగో మంచు జరూరత్, టర్బో షౌక్. తను మూడు షరతులు పెట్టింది: సూద్ మీద కొనకూడదు, ఉమ్రా డబ్బు ముట్టకూడదు, ఇంట్లో రెండో కారు అమ్మిన పైసల్లోనే అయిపోవాలి. నాకంటే తనకే లెక్క బాగా వచ్చు, ఒప్పుకున్నాను.

అసలు చిక్కు వేరే. వేల మైళ్ల దూరంలో, చూడని బండి, తెలియని మాలిక్. ఇలాంటి సౌదా జాయజేనా? హనఫీ ఫిఖ్‌లో దీనికి జవాబుంది. చూడని వస్తువు కొనవచ్చు, కానీ చూశాక వద్దనే హక్కు కొన్నవాడికి ఉంటుంది. దాన్ని ఖియారె రూయత్ అంటారు. షాఫయీ ఉలమా ఇందులో ఇంకా సఖ్త్‌గా ఉంటారు. కొనడానికి పెట్టుకున్న వకీల్ చూస్తే నువ్వు చూసినట్టే అని కూడా హనఫీ ఫుఖహా చెప్పారు. నా తరఫున వేలంలో పాడింది లాహోర్ నుంచి వెళ్లి తొయామాలో స్థిరపడిన ఒక ఏజెంట్ సాబ్. ఫోన్‌లో మొదటి మాటే "మై ఆప్‌కా వకీల్ హూఁ" అన్నాడు. ఊరికే అన్నా, నాకది మస్‌అలా తీర్చిన మాట.

ఇక ఆ కాగితం. జపాన్ వేలంశాల తన సొంత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుంటుంది. అతను అమ్మేవాడి మనిషీ కాదు, కొనేవాడి మనిషీ కాదు. కారు బొమ్మ మీద ఎక్కడెక్కడ ఏ ఐబ్ ఉందో గుర్తు పెడతాడు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే మరమ్మతు చేసిన అల, ఎస్ అంటే తుప్పు. పక్కన అంకె పెరిగితే ఐబ్ పెద్దది. మొత్తానికి ఒక గ్రేడు. ఆక్సిడెంటై ఫ్రేము బాగుచేసిన బండికి అంకె ఉండదు, ఆర్ అని రాస్తారు. ఫోటోల్లో అద్దంలా మెరిసిన ఒక ఎర్ర బండిని ఆ ఒక్క అక్షరం చూసి వదిలేశాం. మేం తీసుకున్నది గ్రేడు మూడున్నర, కుడి తలుపు ఏ2, వెనక యూ1, ఎడమ ఫెండర్ డబ్ల్యూ2, వెనక ఎడమ చక్రం పైన ఎస్. లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు. చేతిరాత జపనీస్‌ని సాబ్ వాయిస్ మెసేజ్‌లో ఉర్దూలోకి మార్చి వినిపించాడు, "పీఛే బాయీఁ తరఫ్ జంగ్ హై" అని మొదలుపెట్టి. మంచివి చెప్పే తొందర అతనికి లేదు.

మదీనా బజారులో హుజూర్ (స.అ.సం.) ధాన్యం రాశిలోకి చెయ్యి పెట్టి చూసిన వాకియా మీకు తెలుసు. లోపల తడి తగిలింది. వాన పడిందన్నాడు వ్యాపారి. అలాంటప్పుడు తడిసింది పైకి కనబడేలా పెట్టాలి కదా అని ఆయన మందలించారు. సహీ ముస్లింలో ఉంది. మన ఊళ్లలో సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఎన్నిసార్లు ఆ తడి పైకి కనిపించింది? పాలిష్ కొట్టి, సీటు కవర్లు మార్చి, మీటరు వెనక్కి తిప్పి "డాక్టర్ నడిపిన బండి భాయ్" అంటారు. కలిమా చదవని ఒక జపాన్ ఉద్యోగి తడి ధాన్యాన్ని పైన పెట్టాడు. లాహోర్ మనిషి దాన్ని దాచకుండా చదివి వినిపించాడు. నాకు సిగ్గూ, ఖుషీ రెండూ కలిగాయి.

పాట మనకే దక్కింది. ఓడ టకోమా రేవుకి చేరింది. రెండున్నర శాతం కస్టమ్స్ సుంకం, 25 ఏళ్లు నిండాయని చూపే ఫారాలు, అక్కడి నుంచి ట్రక్కు మీద షికాగో. దింపగానే టార్చి లైటు వేసి వెనక ఎడమ చక్రం పైన చూశాను. తుప్పు రాసినచోటే ఉంది, రాసినంతే ఉంది. ఫెండర్ మీద వెలుతురు పడితే ఆ అల కూడా కనిపించింది.

కాగితం చెప్పనివీ ఉంటాయి. అందులో ముఖ్యమైనది టైమింగ్ బెల్టు. ఎప్పుడు మార్చారో ఎవరూ రాయలేదు. ఈ ఇంజన్‌లో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి అంతా పోతుంది. అందుకని నడపడానికి ముందే బెల్టు, వాటర్ పంపు మార్పించాం. టర్బో వాక్యూమ్ పైపులు గట్టిపడి ఉంటే అవీ మార్చాం. ఇలాంటి బండి కొనాలనుకునే భాయిజాన్‌లు కొన్న ధరకి తోడు ఈ ఖర్చు పక్కన పెట్టుకుని దిగండి.

పోయిన రమజాన్‌లో ఇఫ్తార్ దేగ్చాలు మస్జిద్‌కి చేర్చింది ఈ బండే. నడిపింది బేగమ్. ఆ రోజు రోడ్డంతా మంచు. టర్బో గురించి తను ఇంకా ఏమీ అనలేదు, హీటరు మాత్రం బాగుందంది.