ముక్తాబాయి వ్యాసం

చరిత్ర పాఠంలో అంటరానితనం ప్రస్తావన రాగానే తరగతి గదిని నిశ్శబ్దం ఆవరించడం ఉపాధ్యాయులకు అనుభవంలో ఉన్న విషయమే. ఆ పుటను గబగబా చదివించి, గంట కొట్టేలోగా ముందుకు సాగిపోయే వారిని మేము ఎరుగుదుము. ఆ మౌనాన్ని భేదించిన ఒక విద్యార్థినిని గూర్చి శ్రోతలకు మనవి చేయదలచినాము.

1848లో పుణే నగరంలో, భిడేగారి వాడాలో, జోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులు బాలికల పాఠశాల ప్రారంభించారు. కొద్ది సంవత్సరాలలోనే మహార్, మాంగ్ కులాల పిల్లలకు సైతం బడులు పెట్టారు. బడికి నడచివెళ్లే సావిత్రీబాయిపై బురద, పేడ చల్లేవారని, మార్చుకొనడానికి ఆమె మరొక చీర వెంట తీసుకొని వెళ్లేవారని ప్రతీతి. అది పలువురు ఎరిగిన కథే.

ఫూలే దంపతుల బడిలో చదువుకొన్న ముక్తాబాయి సాళ్వే మాంగ్ కులంలో జన్మించిన బాలిక. మహారుల, మాంగుల దుఃఖాన్ని గూర్చి ఆమె వ్రాసిన వ్యాసం 1855లో 'జ్ఞానోదయ' అనే మరాఠీ పత్రికలో అచ్చయినది. వేదాలు బ్రాహ్మణులకే చెందినవైతే తమ మతమేదో చెప్పవలసినదని ఆమె భగవంతుణ్ణే అడిగింది. పీష్వాల కాలంలో తమవారు పడిన బాధలను, పైకప్పు లేని ఇళ్లలో ప్రసవించే స్త్రీలు వానకూ చలికీ పడే యాతనను వర్ణించింది. మహారులలో కొందరు మాంగుల నీడనైనా సహించని సంగతిని సైతం దాచలేదు. మాకు మిక్కిలి విలువైనదిగా తోచేది ఈ భాగమే. అన్యాయానికి మెట్లున్నవని, తాము ఒక మెట్టుపైన ఉన్నామనుకొనేవారు క్రిందివారిని త్రొక్కుతారని పెద్దలే చెప్ప జంకే మాటను బడిపిల్ల చెప్పింది.

మా బాల్యంలో ఒక పంతులుగారు ఈ విషయం వచ్చినప్పుడు వెనుక బెంచీలోని ఒక బాలుని లేపి, "చెప్పరా, మీవాళ్లను గురించే కదా" అన్నారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చును. బాలుడు తలవంచుకొని నిలబడ్డాడు. మేమందరం అతని వైపే చూశాము. ముక్తాబాయి తానై కలం పట్టింది. ఆ బాలుణ్ణి మాత్రం అడగకుండానే సాక్షిగా నిలబెట్టారు.

ఊరిబావి వద్ద, గుడి వద్ద, కాఫీ హోటలులో విడిగా పెట్టిన గ్లాసుల వద్ద పూర్వం ఏమి జరిగేదో ఇంటి పెద్దలను అడిగి రమ్మని పిల్లలందరికీ చెప్పవచ్చును. తమ తాతగారే బావి వద్ద ఇతరులను అడ్డగించేవారని మరునాడు ఎవరైనా మెల్లగా చెప్పవచ్చును. ఆ పిల్లవాణ్ణి దోషిగా నిలబెట్టకుండా, అతని మాటను తేలికగానూ తీసివేయకుండా, చివరిదాకా చెప్పనివ్వడమే ఉపాధ్యాయునికి అన్నిటికంటె కష్టమైన పని అని మా అభిప్రాయం.