తడి ఆరని పలక

మార్కాపురంలో పెరిగినవాళ్లకి పలక గురించి ఒకరు చెప్పక్కర్లేదు. నేలలోంచి తీసిన రాయిని పొరలుగా చీల్చి, కోసి, చెక్క చట్రం బిగించి ఊరూరికీ పంపిన ఊరది. పలక తుడిచాక తడి ఆరేదాకా ఆగాలి. తొందరపడితే బలపం జారుతుంది. కంప్యూటర్ మెమరీకీ ఇదే నియమమని 2004లో, జరగాల్సిన నష్టం జరిగాకే నాకు తెలిసింది.

డైనమిక్ ర్యామ్‌ని ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టాడు. పేటెంట్ 1968లో వచ్చింది. ఒక్కో బిట్టుకి ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. కెపాసిటర్‌లో ఛార్జి కారిపోతూనే ఉంటుంది కాబట్టి మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరసనీ చదివి మళ్లీ నింపాలి. ఒక వరస మూసి ఇంకోటి తెరవడానికీ, తెరిచాక డేటా బయటికి రావడానికీ కొంత వ్యవధి కావాలి. బయోస్‌లో కనిపించే 3-3-3-8 లాంటి అంకెలు ఆ ఎదురుచూపులే, క్లాక్ లెక్కలో. ర్యామ్ మీదే ఓ చిన్న చిప్పులో అవి రాసుంటాయి. బయోస్ వాటిని చదువుకుని నడుచుకుంటుంది. ‘మాన్యువల్’ అని మారిస్తే ఇక మన ఇష్టం.

నేను మార్చాను. 2-2-2-5 పెట్టాను. బూట్ కాకపోతే వోల్టేజి 2.6 నుంచి 2.8కి పెంచాను. విండోస్ వచ్చింది. గేమ్ కాస్త వేగంగా నడిచినట్టనిపించి సంబరపడ్డాను.

మా పెదనాన్న రిటైరైన బడిపంతులు. పలకల గనుల్లో పనిచేసిన ముసలివాళ్లు చెప్పిన మాటలు అదే కంప్యూటర్‌లో టైపు చేసుకునేవాడు. కొన్నివారాల తర్వాత ఫైలు తెరిస్తే మధ్యలో పేజీలకు పేజీలు పిచ్చి గుర్తులు. మెమరీలో తప్పిన బిట్లు సేవ్ చేసినప్పుడల్లా డిస్కుకెక్కాయి. సీడీలో తీసిన కాపీ కూడా ఆ మెమరీ గుండా పోయిందే. నోటుబుక్కులో ఉన్నవి మళ్లీ టైపు చేశాం. నేరుగా కొట్టినవి పోయాయి. ఆ మాటలు చెప్పినవాళ్లలో ఇద్దరు అప్పటికే లేరు.

జరిగింది చెప్తే పెదనాన్న తిట్టలేదు. "తడి ఆరకముందే రాస్తే అచ్చరం నిలబడుద్దంట్రా?" అన్నాడు. అంతే.

ఆ మాటకి లెక్క తర్వాత దొరికింది. అప్పటి డీడీఆర్400లో క్యాస్ లేటెన్సీ 3 అంటే 15 నానోసెకన్లు. డీడీఆర్4-3200లో ప్రామాణికమైన 22 అంటే 13.75. డేటా వేగం ఎనిమిదింతలైంది, వోల్టేజి 2.6 నుంచి 1.2కి దిగింది, ఎదురుచూపు మాత్రం దాదాపు అక్కడే ఉంది. 2007లో ఇంటెల్ తెచ్చిన ఎక్స్‌ఎంపీతో ఈ అంకెలన్నీ ఒక్క నొక్కుతో మారిపోతున్నాయి. ఆగాల్సిన అవసరం మాత్రం మారలేదు.

ఇప్పటికీ టైమింగులు మారుస్తుంటాను. కాకపోతే రాత్రంతా మెమ్‌టెస్ట్ తిప్పి, ఒక్క తప్పు కనబడ్డా వెనక్కొచ్చేస్తాను. పెదనాన్న రాతల్లో మిగిలినవాటిని ప్రింటు తీయించి బీరువాలో పెట్టాను.