కళ్ళు మూస్తే కదిలిన రోబో

మెదడు తరంగాలతో రోబోను నడపడం ఈ శతాబ్దపు వింత అని చాలామంది అనుకుంటారు. కానీ దాని చరిత్ర మనం అనుకునేదానికన్నా పాతది. ఆ నడకలో మెదడు వాటా ఎంత, యంత్రం వాటా ఎంత అన్న ప్రశ్న కూడా అంతే పాతది.

జర్మనీలోని యెనా నగరంలో మనోవైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడులోని విద్యుత్తును తొలిసారి నమోదు చేసి, 1929లో ఆ ఫలితాలను ప్రకటించాడు. కళ్ళు మూసుకుని విశ్రాంతిగా ఉన్న మనిషిలో సెకనుకు సుమారు 10 సార్లు లేచిపడే అల ఒకటి కనిపిస్తుంది. కళ్ళు తెరిస్తే అణిగిపోతుంది. దానినే ఆల్ఫా తరంగం అన్నారు. 1948-49 ప్రాంతంలో బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ వెలుతురును వెతుక్కుంటూ తిరిగే యాంత్రిక తాబేళ్ళను తయారుచేశాడు. ఆయన అసలు వృత్తి మెదడు తరంగాల పరిశోధనే కావడం విశేషం. 1973లో కాలిఫోర్నియాలో జాక్ విడాల్ మెదడుకూ కంప్యూటరుకూ నేరుగా సంభాషణ సాధ్యమేనా అని ప్రశ్నించి, ఈ రంగానికి పేరు పెట్టాడు.

రెండు దారులూ కలిసింది 1988లో, అప్పటి యుగోస్లావియాలోని స్కోప్యేలో. బోజినోవ్‌స్కీ బృందం నేలమీది గీత వెంట నడిచే చిన్న రోబోను తీసుకుంది. మనిషి కళ్ళు మూసుకుంటే ఆల్ఫా పెరిగి రోబో కదిలేది, తెరిస్తే ఆగేది. దారి రోబోకు తెలుసు. కదలాలా, ఆగాలా అన్నది మాత్రమే మనిషి నిర్ణయం.

ఈ పంపకం యాదృచ్ఛికం కాదు. పుర్రె దాటి చర్మం మీదికి వచ్చేసరికి ఆ సంకేతం వోల్టులో కొన్ని లక్షల వంతులకు క్షీణిస్తుంది. కనురెప్ప కదిలినా, దవడ బిగిసినా దానిలో కలిసిపోతాయి. 2004లో మియాన్ బృందం స్విట్జర్లాండులో ఒక బొమ్మ ఇంటి గదుల మధ్య రోబోను నడిపించినప్పుడు కూడా ఇదే ఉపాయం. 'ఎడమకు' అన్న ఒకే ఆలోచనకు ఖాళీ స్థలంలో ఎడమకు తిరగమనీ, పక్కన గోడ ఉంటే దాని వెంటే సాగమనీ రోబో అర్థం చెప్పుకునేది. చేతితో నడిపినప్పటికన్నా కొద్దిపాటి సమయమే అదనంగా పట్టింది.

కదలలేని మనిషికి ఇది గొప్ప ఆసరా. అయితే ఆసరా ఎక్కడ ముగిసి, పెత్తనం ఎక్కడ మొదలవుతుంది? కిటికీ దగ్గర ఆగాలనుకున్న మనిషిని చక్రాల కుర్చీ వాకిలి దాకా తీసుకుపోతే, ఆ ప్రయాణం ఎవరిది? స్కోప్యే రోబోకు తెలివి తక్కువే. కానీ కళ్ళు తెరిస్తే ఆగేది. దాని తర్వాత వచ్చిన యంత్రాలన్నిటినీ కొలవడానికి ఆ ఒక్క గుణం చాలు.