రెండు హెవీ మెటల్స్

నెట్లో పటాన్‌చెరు, హెవీ మెటల్ అని కలిపి వెతికి చూడండి. గిటార్లు రావు, నక్కవాగు వస్తుంది. అక్కడి మట్టిలో క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ ఎంతెంత ఉన్నాయో కొలిచిన పరిశోధన పత్రాలు వస్తాయి. ఈ టపా రెండో హెవీ మెటల్ గురించి, అంటే సంగీతం గురించి. అయితే అది కూడా అచ్చం ఇలాంటి ఫ్యాక్టరీల పక్కనే పుట్టింది!

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్, అందులో ఆస్టన్ అనే కార్మికుల పేట. టోనీ అయోమీ అక్కడి కుర్రాడు. రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని. 1965లో, పదిహేడేళ్ళప్పుడు, ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున, ప్రెస్ మెషీన్ మనిషి రాలేదని ఇతన్ని దాని ముందు నిలబెట్టారు. అలవాటు లేని మెషీన్. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు చివర్లు తెగిపోయాయి. టోనీది ఎడమచేతి వాటం, కాబట్టి గిటార్ తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే.

ఇక వాయించలేవన్నారు డాక్టర్లు. ఫ్యాక్టరీ మేనేజరొకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు చచ్చుబడినా వాయించిన గిటారిస్టు ఆయన. దాంతో టోనీకి పట్టుదలొచ్చింది. గిన్నెలు కడిగే లిక్విడ్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. సన్నటి తీగలు వేశాడు. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి తీగలు వదులు చేసి శ్రుతి కూడా దించేశాడు. మన భాషలో చెప్పాలంటే వర్కరౌండ్. అదే తర్వాత మెటల్ వాళ్ళందరికీ స్టాండర్డ్ అయి కూర్చుంది :)

సరే, ఆల్బం సంగతికొద్దాం. టోనీ, ఆజీ ఆస్‌బోర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్ - ఈ నలుగురి బ్యాండే బ్లాక్ సబ్బాత్. అదే పేరుతో వచ్చిన తొలి ఆల్బం రికార్డింగ్ 1969 అక్టోబరులో ఒక్క రోజులో అయిపోయింది. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం విడుదల. మొదటి పాట రిఫ్ మొత్తం మూడు స్వరాలు: షడ్జమం, పై షడ్జమం, ప్రతి మధ్యమం. మన కళ్యాణి రాగంలో హాయిగా వినిపించే ప్రతి మధ్యమమే ఇక్కడ వానచప్పుడు, గంట మోత తర్వాత వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

విమర్శకులు ఏకిపారేశారు. రోలింగ్ స్టోన్‌లో లెస్టర్ బ్యాంగ్స్ దీన్ని క్రీమ్ బ్యాండుకి నాసిరకం నకలు అన్నట్టు రాశాడు. జనం మాత్రం కొన్నారు. బ్రిటన్ చార్టుల్లో 8వ స్థానం, అమెరికాలో 23. చివరికి ఆ రోలింగ్ స్టోనే 2003లో 500 గొప్ప ఆల్బంల జాబితాలో దీనికి చోటిచ్చింది.

ఎందుకిలా? నాకనిపించేదేంటంటే, విమర్శకుడు దాన్ని అప్పటికే ఉన్న రాక్‌తో పోల్చి మార్కులేశాడు. షిఫ్టు దిగి వచ్చిన కుర్రాడికి అందులో తన రోజు వినిపించింది.

ఇప్పుడు మన సంగతి. గచ్చిబౌలి నుంచి గంట ప్రయాణం కూడా లేదు పాశమైలారం. 2025 జూన్ 30న అక్కడి ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బతుకుదెరువుకి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. సరిగ్గా ఐదు రోజులకి, జూలై 5న, ఆస్టన్‌లోని విల్లా పార్కులో సబ్బాత్ ఆఖరి కచేరీ. జూలై 22న ఆజీ పోయాడు, ప్రపంచమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. పాశమైలారంలో పోయినవాళ్ళలో ఒక్కరి పేరైనా మనకి తెలుసా?

వేలు తెగితేనే గొప్ప సంగీతం పుడుతుందని నేననట్లేదు. టోనీ కథని స్ఫూర్తిదాయకం అంటూ ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఒకటి వదిలేస్తారు: అలవాటు లేని కుర్రాడిని ఆ మెషీన్ ముందు నిలబెట్టడం తప్పు. ఆ తప్పు వల్ల వేళ్ళు పోయినవాళ్ళలో గిటార్ పట్టుకున్నది ఏ ఒక్కడో.

పాటలు పుట్టని నేలేం కాదు మనది. పాత మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ డప్పు మీద కష్టజీవుల పాట పాడాడు. రేపు పాశమైలారం షెడ్లలోంచి ఏ ఒడియాలోనో భోజ్‌పురిలోనో ఒక పాట రావచ్చు, మన చెవికి గోలగా కూడా ఉండొచ్చు. అప్పుడు మనం లెస్టర్ బ్యాంగ్స్‌లా మార్కులేస్తామా, లేక కాసేపు ఆగి వింటామా? ఆలోచించండి.