అశ్వశక్తిని తూచిన చరిత్ర

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసినదని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, కాకతీయులనో కృష్ణదేవరాయలనో గురించి వ్రాయుదునని వారు తలచియుందురు. కాని నా మనస్సు గత కార్తీకమాసమున మా మేనల్లునితో పోయి చూచిన ఒక యంత్రముమీదనే నిలిచియున్నది. దాని పేరు డైనమామీటరు. కుర్రవాండ్రు ‘డైనో’ అందురు. మోటారు శక్తిని తూచు త్రాసన్నమాట.

మావాడు బెళ్ళందూరులో కంప్యూటరు ఉద్యోగి. టర్బో ఉన్న చిన్న కారొకటి కొని, ఇంజనును నడిపించు కంప్యూటరులోని లెక్కలను ఎవరిచేతనో మార్పించినాడు. కొన్నాళ్ళు బాగుగనే పోయినది. పిమ్మట నిమిషమునకు నాలుగువేల చుట్లు దాటగానే ఈడ్పు తగ్గసాగినది. ఒక షెడ్డువారు టర్బో పోయినదని తేల్చి, లక్ష రూపాయలకు పైబడిన పద్దు వ్రాసి ఇచ్చినారు. “అన్నయ్యా, వాడు నా మాట వినడు, నీవైనా చెప్పు” అని మా చెల్లెలు ఫోను చేసినది.

శక్తిని కొలువవలెనను చింత మోటారుకారుకంటె పాతది. పద్దెనిమిదవ శతాబ్దపు చివర జేమ్స్ వాట్, తన ఆవిరియంత్రము ఎన్ని గుర్రముల పని చేయునో గిరాకీదారులకు చెప్పవలసివచ్చి, నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పనిని ఒక అశ్వశక్తిగా నిర్ణయించినాడు. 1821లో ఫ్రెంచి ఇంజనీరు ప్రోనీ తిరుగుచున్న ఇరుసును కొయ్యదిమ్మెలతో ఒత్తిపట్టి, వానికి పొడవైన కాడి తగిలించి, కాడి చివర బరువులు వ్రేలాడదీసి శక్తిని తూచినాడు. 1877లో ఇంగ్లండున విలియం ఫ్రౌడ్ ఓడల యంత్రములకై నీటి బ్రేకును కల్పించినాడు. నేటి డైనో ఆ వంశములోనిదే.

మన దక్షిణాదిలో వేగపు పందెములకు ఊరు షోళవరము. చెన్నపట్నమునుండి నెల్లూరు పోవు దారిలోనిదే. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయపు బాటపై, 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు ఏండ్ల తరబడి పందెములు జరిపినారు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబమునకు చెందిన కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపుబండ్లు నిర్మించినాడు. అవే ఫార్ములా మారుతి బండ్లు. తరతరాలుగా తమిళదేశమందుండియు ఇంట తెలుగు విడువని నాయుళ్ళ ఊరది. ఆయన 1995లో విమానప్రమాదమున మరణించినాడు. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కోయంబత్తూరు వాడే. తొలిరోజులలో ఫార్ములా మారుతి నడిపినవాడు.

ఆ పాతరోజులలో డైనో ఎందరికి దొరికినది? మేస్త్రీ స్పార్కుప్లగ్గు విప్పి రంగు చూచెడివాడు. తెల్లగా పాలిపోయిన పెట్రోలు చాలలేదని, నల్లమసి పట్టిన ఎక్కువైనదని, ఇటుకరంగు ఉన్న సరిపోయినదని అర్థము. డాక్టరు నాలుక చూచినట్లే.

ఇక మావాని కారు సంగతి. ముందరి చక్రములను రోలర్లపై నిలిపి, బండిని పట్టాలతో నేలకు బిగించి, ఎదుట పెద్ద ఫ్యాను పెట్టినారు. బరువు తెలిసిన రోలరును చక్రములు ఎంత త్వరగా తిప్పగలవో చూచి శక్తి లెక్కకట్టుదురు. పొగగొట్టములోని సాధనము గాలి-పెట్రోలు పాలు చెప్పును. శబ్దమునకు నా గుండె దడదడలాడినది. తెరపై గీత చక్కగా ఎక్కి, నాలుగువేల దగ్గర క్రుంగినది. పెట్రోలు పాలు సరిగనే ఉన్నది, ఇంజను తట్టుకొనుట లేదు, కాని టర్బో గాలి ఒత్తిడి ఉండవలసినంత లేదు. పని చూచు యువకుడు గాలిగొట్టములలోనికి పొగ పంపినాడు. ఒక రబ్బరు గొట్టపు క్లిప్పు దగ్గర సన్నని పొగ! క్లిప్పు మార్చి మరల పరుగెత్తించగా గీత క్రుంగలేదు. టర్బోకు ఏ జబ్బూ లేదు.

అంకెల విషయమున ఒక మాట. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. ఇచ్చటి గాలి చెన్నపట్నపు గాలికంటె ఇంచుమించు పదవవంతు పలుచన. టర్బో లేని ఇంజను ఆ మేరకు శక్తి కోల్పోవును. డైనో ఆ లోటును సవరించి చూపగలదు. టర్బో ఉన్న బండి తన గాలిని చాలవరకు తానే నొక్కి తెచ్చుకొనును గనుక, దానికికూడ పూర్తి సవరణ వేసిన లేని గుర్రములు కాగితమెక్కును. స్నేహితులకు చూపుకొను కాగితములలో ఇట్టివి కొన్ని ఉండునని నా అనుమానము.

తిరుగు దారిలో నేను చెప్పవలసినది చెప్పితిని. తయారీదారు ఇచ్చిన మూల వివరములకు విరుద్ధముగ వాహనమును మార్చరాదని, 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగమును విచారించి 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రమాదమైనచో బీమావారు పేచీ పెట్టవచ్చును. అందుకు మావాడు, “పందెపుబాటమీద నడుపుకొందును మామయ్యా, రోడ్డుమీద కాదు” అన్నాడు. మరి ఆఫీసుకు పోవునది ఏ కారులో? ఆ మాటకు వాడు బదులు చెప్పలేదు. బెళ్ళందూరు కూడలిలో అప్పటికి ముప్పావుగంటగా నిలిచియున్నాము.

వారము తిరుగకముందే వాడు పాత లెక్కలే తిరిగి వేయించి, రసీదు ఫొటో నాకు పంపినాడు.